షార్ట్‌కట్ ఎవరిది? (పలక - 23)



పోయిన వారం పలకలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూల గురించి రాస్తే, కింద ఒకాయన వచ్చి "మీవాళ్ళకి రిజర్వేషన్ అనే షార్ట్‌కట్ ఉందిగా మేడమ్, ఇంకేం బాధ?" అన్నాడు. ఆయనకు జవాబు రాయబోయి ఆగాను. ఆ షార్ట్‌కట్ అనే మాట మీదే ఈ వారం రాద్దామనిపించింది. నిజంగా షార్ట్‌కట్ల గురించే. కంప్యూటర్‌లో కంట్రోల్ సి, కంట్రోల్ వి అంటామే, అవి. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషికి ఫైళ్ళు సర్దుకునే పాఠం దేనికని అడగకండి. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాళ్ళ పనిలో సగం ఇప్పుడు ఫైళ్ళే. మిగతా సగం ఆ ఫైళ్ళు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం.

షార్ట్‌కట్‌కి మన వాడుకలో రెండు అర్థాలున్నాయి. ఒకటి అడ్డదారి, రెండోది దగ్గరిదారి. అడ్డదారి అంటే తిట్టు. దగ్గరిదారి అంటే తెలివి. నడిచింది ఎవరన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది. మా ఊళ్ళో వాడ నుంచి బస్సు రోడ్డుకి దగ్గరిదారి నడిబజారు గుండా ఉండేది. మా నాయనమ్మ ఆ బజారులో చెప్పులేసుకుని నడవకూడదు. అందుకని చెరువు కట్ట చుట్టూ తిరిగి పోయేది. ఆ బజారులో సగం మంది కాళ్ళకున్న చెప్పులు ఆమె కొడుకు కుట్టినవే. దగ్గరిదారి ఉందని ఆమెకు తెలియక కాదు.

కంప్యూటర్ దగ్గర ఆ కాపలా లేదు. ఎఫ్2 మీట నొక్కితే అది మన కులం అడగదు. కానీ ఎఫ్2 అనేది ఒకటుందని చెప్పేవాళ్ళేరి?

మా ల్యాబ్‌లోకి మొదటి సంవత్సరం పిల్లలు వచ్చినప్పుడు చూడాలి. ఫోన్ వాళ్ళ చేతిలో బొంగరంలా తిరుగుతుంది. రీల్ కత్తిరిస్తారు, పాట అతికిస్తారు, అన్నీ వచ్చు. అదే పిల్లని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి "అసైన్‌మెంట్ సేవ్ చేశావా?" అంటే చేశానంటుంది. "ఎక్కడ చేశావమ్మా?" అంటే "కంప్యూటర్‌లో మేడమ్" అంటుంది. ఫోన్‌లో ఫైలుకి ఇల్లుండదు, వేలికి ఎదురయ్యే బొమ్మ ఉంటుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ప్రతి ఫైలుకీ ఒక చిరునామా ఉంటుంది. ఈ డ్రైవ్, ఆ డ్రైవ్‌లో ఈ ఫోల్డర్, ఆ ఫోల్డర్‌లో ఈ పేరు. ఈ ఒక్క తేడా ఎవరూ చెప్పలేదు కాబట్టి మూడేళ్ళ డిగ్రీ అయ్యేదాకా ప్రతిదీ డౌన్‌లోడ్స్‌లో పోగు పడుతూ ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, పదో తరగతి మెమో, సినిమా పాటలు, ఎవరిదో పెళ్ళి కార్డు, అన్నీ ఒకే కుప్ప. పత్రాల పేర్లు చూస్తే "డాక్-20230614-డబ్ల్యూఏ0003", "డౌన్‌లోడ్ (7)". స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి రోజు సాయంత్రం అయిదింటికి ఆ కుప్పలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏటా చూస్తాను. దొరక్కపోతే ఇంటర్నెట్ సెంటర్‌కి పరుగు. మళ్ళీ స్కాన్, మళ్ళీ డబ్బులు. వాళ్ళ నాన్న సగం రోజు కూలి.

దీన్ని మనవాళ్ళు తెలివి తక్కువతనం అనుకుని కుంగిపోతారు. అక్కడే నాకు కోపం. షార్ట్‌కట్లు పుస్తకం చదివి ఎవరూ నేర్చుకోరు. పక్కన కూర్చున్నవాళ్ళ చేతులు చూసి నేర్చుకుంటారు. ఇంట్లో అన్న ల్యాప్‌టాప్ మీద పని చేస్తుంటే పక్కన కూర్చున్న పిల్లాడు కంట్రోల్ జెడ్ అంటే ఏంటో అడక్కుండానే నేర్చుకుంటాడు. తండ్రి ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుంటే ఆ పిల్లకి ఎక్సెల్ షీటు కొత్తగా ఉండదు. దాన్ని కాలేజీ ప్రతిభ అని పిలుస్తుంది.

మనకి ఆ నేర్పు తెలియనిది కాదు. తోలు మీద ఆరె ఎక్కడ దించాలో, దారం ఎంత బిగించాలో మా నాన్న ఎవరికీ పాఠం చెప్పలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు నేర్చుకున్నారు. డప్పు మంట మీద ఎంతసేపు కాపితే శ్రుతి వస్తుందో, సిర్ర ఏ వేళ్ళ మధ్య నిలవాలో, సిటికెన పుల్ల ఎక్కడ తాకాలో ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకోలేదు. ఒక్క కదలిక కూడా వృథా పోనివ్వని ఆ పనికి తెలుగులో కిటుకు అని మంచి మాట ఉంది. షార్ట్‌కట్‌కి నేను వాడే అనువాదం అదే. ఇకనుంచి ఈ రాతలో కిటుకనే అంటాను.

ఈ కిటుకులు అసలు పుట్టింది కూడా చేతిపని చూసే. 1970ల మధ్యలో అమెరికాలో, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు, పాఠ్యపుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థ కోసం జిప్సీ అనే రాతపని ప్రోగ్రాం తయారు చేశారు. అక్కడి ఎడిటర్లు కత్తెరతో పేరా కత్తిరించి, జిగురుతో వేరేచోట అతికించేవాళ్ళు. అదే తెరమీదకి వచ్చింది. కట్, కాపీ, పేస్ట్. తర్వాత ఆపిల్ యంత్రాల్లో జెడ్, ఎక్స్, సి, వి పక్కపక్క మీటల మీద కుదురుకుంది. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. కంప్యూటర్ వాడేవాడు యంత్రానికి తగ్గట్టు మారకూడదు, యంత్రమే మామూలు మనిషికి తగ్గట్టు ఉండాలని జీవితమంతా కొట్లాడినవాడు. మనవైపు పీజీడీసీఏ కోచింగుల్లో ఈ మాట చెప్పరు. మీటల జాబితా ఇచ్చి బట్టీ పట్టమంటారు.

బట్టీ వద్దు. నేను మా పిల్లలకి చెప్పే తీరులోనే చెప్తాను. విండోస్ ఉన్న యంత్రం మీద చెయ్యండి, మీ ఇళ్ళల్లో, సెంటర్లలో ఎక్కువ ఉండేది అదే.

విండోస్ బొమ్మ ఉన్న మీట పట్టుకుని ఈ నొక్కండి. ఫైళ్ళుండే గది తలుపు తెరుచుకుంటుంది. మౌస్‌తో వెతుక్కోనక్కర్లేదు. డాక్యుమెంట్స్‌లోకి వెళ్ళి కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కండి. కొత్త ఫోల్డర్ పుడుతుంది. దానికి మీ పేరు పెట్టుకోండి. ఇదీ మీ ఇల్లు. ఇకమీదట మీకు సంబంధించిన ఏ కాగితమైనా దీని లోపలే ఉండాలి. ఆల్ట్ పట్టుకుని పైబాణం నొక్కితే పై ఫోల్డర్‌లోకి, ఎడమ బాణం నొక్కితే వచ్చిన దారిన వెనక్కి.

ఇప్పుడు ఎఫ్2. నాకు చాయిస్ ఇచ్చి ఒక్క కిటుకే నేర్పమంటే ఎఫ్2 నేర్పుతాను. ఫైలు మీద ఒక్కసారి నొక్కి ఎంచుకుని ఎఫ్2 కొట్టండి, పేరు మార్చుకోవచ్చు. చివర ఉండే పిడిఎఫ్, జేపీజీ లాంటి తోకని అది ముట్టుకోదు, పేరునే ఎంచుకుంటుంది. ఆ తోక తీసేస్తే ఫైలు తెరుచుకోదు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. ఒక పేరు మార్చాక ఎంటర్‌కి బదులు ట్యాబ్ కొడితే నేరుగా తర్వాతి ఫైలు పేరు మార్చడానికి సిద్ధమవుతుంది. ముప్పై స్కాన్ పేజీలకు పేర్లు పెట్టాలంటే అలా జారుకుంటూ పోవచ్చు. అన్నిటికీ ఒకటే పేరు, పక్కన అంకె చాలనుకుంటే కంట్రోల్ ఏ కొట్టి అన్నీ ఎంచుకుని, ఎఫ్2 కొట్టి, పేరు రాసి ఎంటర్ కొట్టండి. పక్కన 1, 2, 3 అని అదే వేసుకుంటుంది.

పేరు ఎలా పెట్టాలి? తేదీ ముందు. సంవత్సరం, నెల, రోజు ఆ వరసలో. 2024-06-14 అని. అప్పుడు పేర్ల వరసే కాలవరస అవుతుంది. మనం మాట్లాడేటట్టు 14-06-2024 అని పెడితే అన్ని నెలల 14వ తేదీలూ ఒకచోట చేరతాయి. గీత అడ్డంగా ఉండాలి, ఏటవాలు గీత విండోస్ ఒప్పుకోదు. ప్రశ్నార్థకం, కోలన్, కొటేషన్ గుర్తులు కూడా ఒప్పుకోదు. తర్వాత ఎవరిదో, ఏ కాగితమో. "2024-06-14 ఆదాయపత్రం అమ్మపేరు". తెలుగులో పేరు పెట్టొచ్చా అని అడుగుతారు. నిక్షేపంలా పెట్టొచ్చు. దరఖాస్తు సైట్లకు పంపే ఫైలుకి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరుతో ఇంకో కాపీ పెట్టుకోండి, కొన్ని సైట్లు తెలుగు పేరు చూసి మొరాయిస్తాయి.

మా అమ్మ ఒకసారి నేను ఫోన్‌లో ఒక పిల్లాడికి "కంట్రోల్ నొక్కు, కంట్రోల్ నొక్కు" అని చెప్తుంటే విని, "కంట్రోల్ బియ్యం ఇచ్చిండ్రా ఏంది?" అంది. రేషన్ దుకాణాన్ని కంట్రోల్ అనే తరం. ఆమెకు ఆ మాట వింటే సంచీ గుర్తొస్తుంది, క్యూ గుర్తొస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. కిటుకుల్లో ఒకటి ప్రాణం తీసేది ఉంది. దాని పేరే షార్ట్‌కట్. డెస్క్‌టాప్ మీద కొన్ని బొమ్మలకి మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, చూశారా? అది ఫైలు కాదు. ఫైలు ఎక్కడుందో చూపించే వేలు మాత్రమే. ఏటా ఒకరిద్దరు ప్రాజెక్టు రిపోర్టు అనుకుని ఆ బాణం బొమ్మని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వైవాకి వస్తారు. ఇక్కడి యంత్రంలో తెరిస్తే ఏమీ రాదు. అసలు ఫైలు ఎక్కడో సెంటర్‌వాడి యంత్రంలో ఉంటుంది, వేలు మాత్రం వీళ్ళ జేబులో. ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్ "ఫైలు కూడా తెచ్చుకోవడం రాదు" అన్నట్టు ఒక చూపు చూస్తాడు. ఆ చూపు మనకు కొత్తది కాదు కదా. ఆర్నెల్ల పని ఆ పిల్ల నిజంగా చేసింది. చేతిరాత నోట్సు ఉంది, నేనే చూశాను. కానీ నిరూపించే ఫైలు లేదు.

కాపాడుకోవడం సులువు. పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాక ఆ ఫైలు ఎంచుకుని ఆల్ట్ ఎంటర్ కొట్టండి. సైజు చూపిస్తుంది. నలభై పేజీల రిపోర్టు ఒకటో రెండో కేబీ ఉందంటే మీ చేతిలో ఉంది ఫైలు కాదు. ఇంకా నమ్మకం కుదరాలంటే పెన్‌డ్రైవ్ పీకి వేరే యంత్రంలో పెట్టి తెరవండి. అదొక్కటే అసలు పరీక్ష.

ఇదే వేషంలో ఒక వైరస్ కూడా ఉంది. ల్యాబుల్లో, సెంటర్లలో పెన్‌డ్రైవ్‌ల ద్వారా తిరుగుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే మీ ఫోల్డర్లన్నీ బాణం బొమ్మలైపోయి కనబడతాయి. సెంటర్ కుర్రాడు "అక్కా, మొత్తం పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అంటాడు. కొట్టనివ్వకండి. ఆ బొమ్మల మీద డబుల్ క్లిక్ కూడా చెయ్యకండి, చేస్తే వైరస్ ఈ యంత్రానికీ పాకుతుంది. మామూలుగా మీ ఫైళ్ళు పోవు, దాచబడతాయంతే. ఎడమవైపు పట్టీలోంచి పెన్‌డ్రైవ్ తెరిచి, ఆల్ట్ డి కొడితే పైన చిరునామా గడిలోకి వెళ్తారు. అక్కడ సి ఎం డి అని కొట్టి ఎంటర్. నల్లకిటికీ తెరుచుకుంటుంది. అందులో అట్రిబ్ అని కొట్టి, ఖాళీ వదిలి మైనస్ ఎస్, ఖాళీ, మైనస్ హెచ్, ఖాళీ, మైనస్ ఆర్, ఖాళీ, నక్షత్రం చుక్క నక్షత్రం, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ డి. ఎంటర్. దాచినవన్నీ బయటికొస్తాయి. అప్పుడు మీ ఫైళ్ళు వేరేచోటికి కాపీ చేసుకుని, యంటీవైరస్ పట్టించి, ఆ తర్వాత కావాలంటే ఫార్మాట్. ఈ ఒక్క పేరా ప్రింట్ తీసి హాస్టల్ గోడకి అంటించండి. ఫార్మాట్ కొట్టించుకుని ఏడ్చిన పిల్లల్ని లెక్కపెట్టడం మానేశాను.

మిగతావి గబగబా. ఫైలుని మౌస్‌తో లాగితే అదే డ్రైవ్‌లో ఐతే ఫైలు కదిలిపోతుంది, వేరే డ్రైవ్‌లోకి ఐతే కాపీ అవుతుంది. ఈ తిరకాసు గుర్తుండకపోతే కంట్రోల్ పట్టుకుని లాగండి, ఎప్పుడైనా కాపీయే. ఏదైనా పొరపాటున లాగేశారా, చెరిపేశారా, కంగారు పడకుండా వెంటనే కంట్రోల్ జెడ్. రాతలోనే కాదు, ఫైళ్ళ దగ్గర కూడా అది పని చేస్తుంది. ఒక్క మినహాయింపు పెన్‌డ్రైవ్. అందులో చెరిపింది మామూలుగా చెత్తబుట్టలోకి పోదు, నేరుగా పోతుంది. అలాగే షిఫ్ట్ డిలీట్ కొట్టినా చెత్తబుట్ట దాటి పోతుంది. మీ ఇంటి యంత్రం మీద షిఫ్ట్ డిలీట్ జోలికి పోకండి. ఇంటర్నెట్ సెంటర్‌లో మాత్రం అది మర్చిపోకండి. అక్కడి డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్ మీద ఆడపిల్లల ఆధార్లు, ఫోటోలు, బ్యాంకు పాస్‌బుక్కులు కుప్పలుగా పడి ఉంటాయి. పని అయ్యాక మీవి ఎంచుకుని షిఫ్ట్ డిలీట్, బ్రౌజర్‌లో కంట్రోల్ షిఫ్ట్ డిలీట్ కొట్టి చరిత్ర తుడిచెయ్యడం, లాగౌట్. పట్టుబట్టి వెతికేవాడు రికవరీ ప్రోగ్రాంతో మళ్ళీ బయటికి తీయగలడు, అది వేరే సంగతి. కనీసం తలుపు తీసి వదిలేసి రాకండి.

ఇక నా స్నేహితుడు ఒకాయన, ఉద్యమంలో నాకంటే పెద్ద, ఈ రాత సంగతి చెప్తే విసుక్కున్నాడు. "ఊళ్ళలో దాడులు జరుగుతుంటే నువ్వు ఎఫ్2 అంటావేంటి చెల్లె?" అన్నాడు. ఆయన మీద గౌరవంతోనే ఇది రాస్తున్నాను.

అన్నా, కారంచేడు 1985 జూలై 17. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. చుండూరు 1991 ఆగస్టు 6. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో, దాన్ని కొట్టేస్తూ హైకోర్టు తీర్పు 2014లో. ఇరవై మూడేళ్ళు, పదహారేళ్ళు, మళ్ళీ ఏడేళ్ళు. అంతకాలం ఒక ఎఫ్ఐఆర్ కాపీ, ఒక పంచనామా, ఒక ఫోటో ఎవరో ఒకరు దాచి ఉంచాలి. అప్పట్లో ట్రంకుపెట్టెలో దాచారు. ఇప్పుడు నిజనిర్ధారణకి వెళ్ళిన పదిమంది పది ఫోన్లలో ఫోటోలు తీస్తారు, వాట్సాప్ గ్రూపులో వేస్తారు, నాలుగు రోజులు తిడతాం, ఆరు నెలలకి ఫోన్ మారుస్తాం. కేసు విచారణకొచ్చేసరికి ఆ ఫోటో ఎవరి దగ్గరా ఉండదు. ఉన్నా పనికిరాదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గించి, ఎప్పుడు ఎక్కడ తీశారన్న సమాచారం తీసేస్తుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఇంకా మంచిది, ఫోన్‌కి వైరు పెట్టి కంప్యూటర్‌లోకి కాపీ చెయ్యడం. కట్ కాదు, కాపీ. అసలుది ఫోన్‌లోనే ఉండాలి. ఆ ఫోన్ కూడా ఉండాలి.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత చట్టంలో 65బి సర్టిఫికెట్ అడిగేవారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 63వ సెక్షన్, ఆ సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. విండోస్‌లో నల్లకిటికీ తెరిచి సర్ట్‌యుటిల్ అనే ఆజ్ఞతో దాన్ని తీయొచ్చు. ఆ పని మన కుర్రాళ్ళు చెయ్యగలరు, పావుగంటలో నేర్పొచ్చు. మన సంఘాల్లో ప్రతి మండలానికీ ఒక మంచి వక్త ఉన్నాడు. మండలానికి ఒక్క మంచి ఫైలింగ్ మనిషి ఉన్నాడా? నాకు తెలిసినంతలో లేడు, లేదు. ఇది ఎవరినీ చిన్నబుచ్చడానికి అనడం లేదు. చేతిలో మైకున్నవాడికి దండ పడుతుంది. ఫోల్డర్లకి పేర్లు పెట్టిన ఆడపిల్లని ఎవరూ వేదిక మీదకి పిలవరు.

దస్త్రం పట్టినవాడిదే పెత్తనమని మన ఊళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కరణం ఇంట్లోనే ఊరి భూముల లెక్కలన్నీ ఉండేవి. మన తాతలు దున్నిన చెక్క ఏ పేరు మీద ఉందో ఆ ఇంటి అరుగు దిగి వచ్చాకే తెలిసేది. ఆయన చెప్పిందే రాత. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాలు రద్దు చేసింది. లెక్కలు ఆఫీసుకి చేరాయి, తర్వాత కంప్యూటర్‌లోకి చేరాయి. ఇప్పుడు అరుగు పోయి కౌంటర్ వచ్చింది. కౌంటర్ అవతల కూర్చున్నవాడు "ఫైలు దొరకట్లేదమ్మా" అన్నప్పుడు, మన దగ్గర తేదీతో పేరు పెట్టిన కాపీ ఉంటే ఆ సంభాషణ వేరేగా నడుస్తుంది. నేను నడిపి చూశాను.

సాహిత్యం మనిషిని కాబట్టి ఈ ఒక్కటీ చెప్పకుండా ఉండలేను. బాబాసాహెబ్ 1956లో వెళ్ళిపోయారు. ఆయన రచనల సంపుటాలు మహారాష్ట్ర ప్రభుత్వం నుంచి, వసంత్ మూన్ సంపాదకత్వంలో, రావడం మొదలైంది 1979లో. అప్పటిదాకా అచ్చుకాని రాతలు 1987లో వచ్చిన మూడో సంపుటంలో చేరాయి. ప్రాచీన భారతంలో విప్లవం, ప్రతివిప్లవం మీద ఆయన రాసుకున్న అధ్యాయాలు అసంపూర్ణంగా అందులోనే ఉన్నాయి. చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది, ఏ కాగితం ఎటు జారి ఉంటుందో అని. ఆ కాగితాలు దాచిన, సర్దిన, పోల్చుకున్న చేతులు లేకపోతే మనకి ఈమాత్రం కూడా మిగిలేది కాదు.

తెలుగులో మన పరిస్థితి అంతకంటే మెరుగేం కాదు. 1995లో "చిక్కనవుతున్న పాట" సంకలనం వచ్చాక పుట్టిన దళిత కవిత్వంలో ఎంతో భాగం చిన్న పత్రికల్లో, కరపత్రాల్లో, సభల్లో పంచిన జిరాక్స్ కాగితాల్లో ఉంది. నా పరిశోధనకి ఒక కరపత్రం కోసం మూడు జిల్లాలు తిరిగాను. ఇప్పుడు స్కాన్ చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి దండం. కానీ స్కాన్ చేసి "స్కాన్0001" నుంచి "స్కాన్0412" దాకా వదిలేస్తే ట్రంకుపెట్టెకీ దానికీ తేడా ఏంటి? ఇంకో గొడవ ఉంది. డీటీపీ చేసిన పాత పుస్తకాల ఫైళ్ళు ఎక్కువ అను ఫాంట్లలో ఉంటాయి. తెర మీద తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. కంట్రోల్ ఎఫ్ కొట్టి "వెలివాడ" అని వెతికితే, ఆ మాట వందసార్లున్న పుస్తకంలో కూడా ఒక్కటీ లేదంటుంది. ఫైలు పేరైనా యూనికోడ్‌లో సరిగ్గా ఉంటే కనీసం పుస్తకమన్నా దొరుకుతుంది. పేరు, రచయిత, సంవత్సరం. మూడు ముక్కలు. ఎఫ్2, ట్యాబ్, ఎఫ్2 కూడా అక్కర్లేదు, ట్యాబ్, ట్యాబ్.

ఆ వ్యాఖ్య పెట్టినాయనకి ఇంతకంటే జవాబు రాయను. ఆయన ఇంట్లో కంప్యూటర్ ఏ సంవత్సరం వచ్చిందో, పక్కన కూర్చుని చూసింది ఎవరో ఆయనకి తెలుసు.

మా ల్యాబ్‌లో ఈ కిటుకులన్నీ తెలుగులో రాసి ఒక చార్టు వేలాడదీశాం. రాసింది మూడో సంవత్సరం పిల్లలు, మాటలు వాళ్ళవే. కంట్రోల్ జెడ్ పక్కన "అయ్యో బటన్" అని రాశారు. ఫోటో తీసి కింద పెడుతున్నాను. డాక్యుమెంట్‌గా కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపుతాను. మీ హాస్టల్లో, సంఘం ఆఫీసులో, లైబ్రరీలో అంటించండి. తప్పులుంటే దిద్ది వాడుకోండి. నిజనిర్ధారణ బృందాల్లో తిరిగేవాళ్ళెవరైనా ఉంటే, మీ ఫోన్లలో పడి ఉన్న పాత ఫోటోలు ఈ ఆదివారం కంప్యూటర్‌లోకి దించి తేదీల వారీగా పేర్లు పెట్టండి. ఎక్కడ ఇబ్బంది వచ్చినా సాయంత్రం ఆరు తర్వాత నేను ఖాళీయే. అను ఫాంట్ల ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చే సంగతి వచ్చే పలకలో.